కాస్త షాక్ కొడుతుంది, చెప్పులేసుకో

ఖమ్మంలో మా అమ్మానాన్నల ఇంట్లో వాషింగ్ మెషీన్ పక్కన ఒక జత రబ్బరు చెప్పులు ఉండేవి. అవి ఇంట్లో ఎవరివీ కావు, మెషీన్‌వి. బట్టలు వేయాలన్నా తీయాలన్నా ముందు వాటిలో కాళ్లు పెట్టాలి. లేకపోతే రేకు తగిలినచోట వేళ్లు జివ్వుమంటాయి. ఇంటికొచ్చిన చుట్టాలకు కూడా అమ్మ మామూలుగానే చెప్పేది: "కాస్త షాక్ కొడుతుంది, చెప్పులేసుకో." 14 నెలలు అలాగే గడిచాయి.

నేను ఫిజిక్స్‌లో ఎమ్మెస్సీ చేశాను. విద్యుదయస్కాంత సిద్ధాంతం పేపర్లో మంచి మార్కులే వచ్చాయి. సాకెట్‌లో పైనున్న పెద్ద రంధ్రం ఎర్త్‌దనీ, ప్లగ్గులో ఆ పిన్ను మిగతా రెండింటికంటే పొడుగ్గా ఎందుకుంటుందో కూడా తెలుసు. ప్లగ్గు పెట్టేటప్పుడు అది అన్నిటికంటే ముందు తగలాలి, తీసేటప్పుడు చివర విడిపోవాలి. కానీ ఆ రంధ్రం వెనక అసలు తీగ ఉందా లేదా చూద్దామని నాకెప్పుడూ అనిపించలేదు. పండక్కి వెళ్లిన ప్రతిసారీ నేనూ బుద్ధిగా ఆ చెప్పులేసుకునే బట్టలు తీశాను.

కిందటి వేసవిలో నాలుగేళ్ల మా మేనల్లుడు స్నానాల గదిలోంచి తడికాళ్లతో పరుగెత్తుకొచ్చి మెషీన్‌ను రెండు చేతులా పట్టుకున్నాడు. కేక విని మేం వెళ్లేసరికి గోడకు ఆనుకుని ఏడుస్తున్నాడు. చేతులు అంటుకుపోలేదు, వాడికేమీ కాలేదు. ఆ రాత్రి మాత్రం ఇంట్లో ఎవరూ సరిగా అన్నం తినలేదు.

మర్నాడు ఎలక్ట్రీషియన్ వచ్చి సాకెట్ విప్పాడు. పచ్చ తీగ కొసకు టేపు చుట్టి, పెట్టెలో ఓ మూలకు మడిచి ఉంది. మెషీన్ కొన్నప్పుడు కొత్త పాయింట్ పెట్టిన మనిషి సగంలో వదిలేసిన పని. దాన్ని బిగించడానికి పావుగంట పట్టలేదు. అయితే ఆ తీగ వెళ్లి చేరాల్సిన ఎర్త్ గొయ్యి ఎక్కడుందో ఎవరికీ తెలియలేదు. ఐదేళ్ల క్రితం వాకిట్లో పార్కింగ్ టైల్స్ పరిపించినప్పుడు దాన్ని కప్పేశారట. టైల్స్ లేపి గొయ్యి వెతికి బాగుచేయడానికి రెండు రోజులు పట్టింది.

ఆ జివ్వుమనే కరెంటు ఎక్కడిదో కాస్త వివరంగా చెబుతాను. ఈ సమస్య చాలా ఇళ్లలో ఉంది, చాలామంది దాన్ని పట్టించుకోవడం మానేశారు. ఈ కాలపు వాషింగ్ మెషీన్లు, కంప్యూటర్ల లోపలి ఎలక్ట్రానిక్ సర్క్యూట్ల అలజడి ఇంటి లైన్లోకి పాకకుండా ఒక ఫిల్టర్ పెడతారు. అందులో రెండు చిన్న కెపాసిటర్లు ఉంటాయి. ఒకటి ఫేజ్ నుంచి లోహపు పెట్టెకు, రెండోది న్యూట్రల్ నుంచి అదే పెట్టెకు కలిపి ఉంటాయి. పెట్టె ఎర్త్‌కు కలిసి ఉంటే వాటిగుండా కారే కొద్దిపాటి కరెంటు నేలలోకి పోతుంది. ఎర్త్ లేకపోతే ఆ పెట్టె ఫేజ్‌కూ న్యూట్రల్‌కూ నడుమ వేలాడుతుంది. దాని మీద 230 వోల్టుల్లో దాదాపు సగం, అంటే 115 వోల్టుల దరిదాపుల్లో వోల్టేజి ఉంటుంది. ఎర్త్ తీగ కలపకముందు మా మెషీన్ మీద మల్టీమీటర్ పెట్టి చూస్తే 108 చూపింది. ముట్టుకుంటే ఒంట్లోంచి పోయే కరెంటు ఒక మిల్లీ ఆంపియర్‌కు కాస్త అటూ ఇటూ. జివ్వుమనడానికి అది చాలు. ప్రాణం తీయడానికి చాలదు.

ఇంతవరకే అయితే అమ్మ చెప్పుల పద్ధతి సరిపోయేదే. అయితే అదే మెషీన్‌లో హీటరు మీదో మోటారు చుట్ల మీదో ఇన్సులేషన్ పాడైతే పెట్టెకు నేరుగా ఫేజ్ అంటుకుంటుంది. మొదట్లో అదీ వేలికి జివ్వుమనే తగలవచ్చు. చర్మం పొడిగా ఉండి కాళ్లకు రబ్బరు చెప్పులున్నప్పుడు హానిలేని లీకేజీకీ ప్రాణాంతకమైన లోపానికీ తేడా వేలితో తెలియదు. ఒళ్లు తడిగా ఉంటే శరీర నిరోధం వెయ్యి ఓముల దాకా పడిపోతుంది. 230 వోల్టులను వెయ్యితో భాగిస్తే 230 మిల్లీ ఆంపియర్లు. అందులో నాలుగో వంతు కరెంటు ఒకటి రెండు సెకన్లపాటు గుండె మీదుగా పోయినా లయ తప్పే ప్రమాదం ఉంది. ఆ రోజు మా మెషీన్ లోపల ఇన్సులేషన్ బాగుంది. మా వాడు బతికిపోవడానికి కారణం అదొక్కటే. మా జాగ్రత్త అందులో ఏమీ లేదు.

జాతీయ నేర రికార్డుల బ్యూరో లెక్కల్లో కరెంటు షాక్‌తో చనిపోయేవారు మన దేశంలో ఏటా పది వేలకు పైనే ఉంటున్నారు. వాళ్లంతా ఇళ్లలో పోయినవారు కారు. పొలం మోటార్ల దగ్గర, తెగిపడిన తీగల కింద పోయినవారూ అందులో ఉన్నారు. అయినా ఏ ప్రమాదం వార్త చదివినా "అంతకుముందు నుంచే కాస్త షాక్ కొట్టేదట" అని చుట్టుపక్కలవాళ్లు అన్న మాట ఎక్కడో ఒకచోట కనిపిస్తూనే ఉంటుంది.

నా అభ్యంతరం ఆ "కాస్త" అనే మాటతోనే. ఇంటి మరమ్మతుల్లో ఏది చిన్నదో ఏది పెద్దదో ఈ రోజు అది మనల్ని ఎంత ఇబ్బంది పెడుతోందో చూసి తేల్చుకుంటాం. లోపం లోపల ఎంత వేగంగా పెరుగుతోందన్నది మన లెక్కలోకి రాదు. జివ్వుమనడం మెషీన్ ఇస్తున్న రీడింగ్. చెప్పులేసుకోవడమంటే మీటరు ముల్లును వేలితో అదిమిపట్టడమే. స్విచ్చు నల్లబడితే దాని మీద స్టిక్కర్ అంటించడం, గోడ చెమ్మగిల్లితే బీరువా అడ్డం జరపడం, తలుపు పట్టేస్తుంటే భుజంతో తోయడం కూడా ఆ కోవలోవే. సర్దుకుపోవడాన్ని మనం సుగుణంగా చూస్తాం. మనుషుల మధ్య అది సుగుణమే కావచ్చు. సిమెంటుతో, రాగితీగతో సర్దుకుపోవడం కుదరదు.

నల్లబడిన స్విచ్చు సంగతే తీసుకోండి. 2 కిలోవాట్ల గీజర్ 230 వోల్టుల మీద దాదాపు 8.7 ఆంపియర్లు లాగుతుంది. సాకెట్‌లో స్క్రూ కాస్త వదులై అక్కడ అర ఓము నిరోధం చేరిందనుకుందాం. కరెంటు వర్గాన్ని నిరోధంతో గుణిస్తే ఆ ఒక్క బిందువు దగ్గర పుట్టే వేడి 38 వాట్లు. ఎలక్ట్రానిక్స్ రిపేరు షాపులో సీసం కరిగించే మామూలు సోల్డరింగ్ ఐరన్ 25 వాట్లది. అంతకంటే పెద్దది మన స్నానాల గది గోడలో, ప్లాస్టిక్ పెట్టెలో, రోజూ అరగంట వెలుగుతోందన్నమాట. నీళ్లు మామూలుగానే కాగుతాయి. 230లో నాలుగు వోల్టులు తగ్గితే గీజర్‌కు తేడా తెలియదు. ఎంసీబీ కూడా పడదు, ఎందుకంటే కరెంటు పెరగలేదు, పైగా కాస్త తగ్గింది. వేడికి రాగి మీద ఆక్సైడ్ పొర మందమవుతుంది, స్క్రూ ఇంకా వదులవుతుంది, నిరోధం ఇంకా పెరుగుతుంది. మర్నాడు మరికాస్త వేడి. ఫలితమే తిరిగి కారణమయ్యే ఇలాంటి చక్రాలు భౌతికశాస్త్రంలో చాలా ఉన్నాయి. వాటన్నిటిలో ఉండే లక్షణం ఒకటే. మొదట చాలాకాలం ఏమీ జరుగుతున్నట్టుండదు, ఆ తర్వాత అంతా ఒక్కసారిగా జరుగుతుంది.

ఇక స్లాబు. పెచ్చులూడిన సీలింగ్ చూడని తెలుగు ఊరు ఉండదు. పాత పాఠశాలల్లో, బస్టాండుల్లో, ఇరవై ముప్పై ఏళ్ల నాటి అపార్ట్‌మెంట్ల బాల్కనీల కింద తుప్పుపట్టిన చువ్వలు పక్కటెముకల్లా బయటికి కనిపిస్తుంటాయి. మంచి కాంక్రీటు లోపల క్షార గుణం చాలా ఎక్కువ, పీహెచ్ 12 నుంచి 13 దాకా ఉంటుంది. ఆ వాతావరణంలో ఉక్కు మీద కంటికి కనిపించని ఆక్సైడ్ పొర ఏర్పడి తుప్పును ఆపుతుంది. గాలిలోని కార్బన్ డయాక్సైడ్ కాంక్రీటు రంధ్రాల్లోంచి మెల్లగా లోపలికి పాకి, అక్కడి కాల్షియం హైడ్రాక్సైడ్‌ను కాల్షియం కార్బొనేట్‌గా మారుస్తుంది. పీహెచ్ 9 దాకా దిగుతుంది. ఆ సరిహద్దు చువ్వను చేరిన రోజున రక్షణ పొర పోతుంది. తేమ, ఆక్సిజన్ కలిస్తే తుప్పు మొదలవుతుంది. విశాఖ, కాకినాడ లాంటి తీరపు ఊళ్లలో సముద్రపు గాలిలోని ఉప్పు ఈ పనిని ఇంకా తొందరగా చేస్తుంది.

ఈ సరిహద్దు ముందుకు జరిగే లోతు కాలంతో నేరుగా పెరగదు, కాలం వర్గమూలంతో పెరుగుతుంది. చువ్వ మీద కాంక్రీటు కవరు 20 మిల్లీమీటర్లు ఉండాల్సిన చోట మేస్త్రీ 10 మిల్లీమీటర్లే వదిలాడనుకోండి. రక్షణ సగం కాలం వస్తుందని మనం అనుకుంటాం. వచ్చేది నాలుగో వంతు కాలమే. 40 ఏళ్లు ఆగాల్సింది పదేళ్లకే వస్తుంది. అదే కవరులో పగులు ఉండి, మేడ మీద నీళ్లు నిలుస్తుంటే ఈ వర్గమూలాల లెక్క కూడా పనికిరాదు. పగులే తిన్నగా దారి చూపిస్తుంది.

తుప్పు తాను పుట్టిన ఉక్కుకంటే రెండు నుంచి ఆరు రెట్లు ఎక్కువ చోటు అడుగుతుంది. లోపల చోటు లేదు కాబట్టి కాంక్రీటును చీల్చుకుని బయటికి వస్తుంది. కొత్త చీలికలోంచి ఇంకా నీరు, ఇంకా గాలి లోపలికి వెళతాయి. మళ్లీ అదే చక్రం. కాంక్రీటు మన్నిక గురించి డి సిట్టర్ అనే ఇంజనీరు 1980లలో ఒక మొరటు సూత్రం చెప్పాడు. దాన్ని ఐదుల సూత్రం అంటారు. కట్టేటప్పుడు ఒక రూపాయితో అయ్యే జాగ్రత్త తప్పితే, తుప్పు మొదలుకాకముందు చేసే నిర్వహణకు ఐదు, తుప్పు మొదలయ్యాక మరమ్మతుకు 25, బాగా ముదిరాక 125 ఖర్చవుతుందని దాని సారాంశం. అంకెలు అచ్చంగా అలాగే ఉండాలని లేదు. మెట్టు మెట్టుకూ ఖర్చు కొన్ని రెట్లు పెరుగుతుందన్నదే అందులో పట్టుకోవాల్సిన సంగతి.

మన దగ్గర మామూలుగా జరిగేదేమిటంటే, పెచ్చు ఊడిన చోట మేస్త్రీ సిమెంటు మెత్తి సున్నితంగా చదును చేసి వెళతాడు. పైన పుట్టీ, దానిపైన ఖరీదైన రంగు. లోపల తుప్పుపట్టిన చువ్వను గీకింది లేదు, నీరు ఎక్కడి నుంచి వస్తోందో చూసింది లేదు. రెండు వానాకాలాల తర్వాత ఈసారి కాస్త పెద్ద పెచ్చు ఊడుతుంది. గోడల చెమ్మకూ ఇదే వైద్యం. నీటి దారి ఆపకుండా నీరు ఆవిరయ్యే దారిని మాత్రం ప్లాస్టిక్ పెయింట్‌తో మూసేస్తాం. తేమ లోపలే ఉండిపోతుంది. అది మోసుకొచ్చిన లవణాలు పెయింటు వెనకే స్ఫటికాలుగా మారి పొరను బుడగల్లా లేపుతాయి. నిజం చెప్పాలంటే మనం ఇళ్లకు చేయించేది చాలావరకు మరమ్మతు కాదు, మేకప్పు.

మా తాతయ్యది పెంకుటిల్లు. ఏటా సంక్రాంతికి ముందు గోడలకు వెల్ల వేసేవారు. వానలకు ముందు మనిషిని పిలిపించి పెంకులు సర్దించేవారు. తడి సున్నం గాలిలోని కార్బన్ డయాక్సైడ్‌ను పీల్చుకుని సున్నపురాయిగా మారుతుంది, వెంట్రుకవాసి పగుళ్లను పూడుస్తుంది. ఇందాక స్లాబులో ఉక్కు రక్షణను తీసేసిన రసాయన చర్యే ఇదీ. అక్కడ చంపేది, ఇక్కడ బతికిస్తుంది. వెల్ల వేయడంలో ఇంకో లాభం కూడా ఉంది, దాన్ని మనం అంతగా గుర్తించలేదు. ఏడాదికోసారి ఇంటిలోని ప్రతి గోడనూ మూరెడు దూరం నుంచి ఎవరో ఒకరు చూసేవారు.

పాత ఇళ్లే మేలని నేననడం లేదు. ఆ పెంకుల కింద తేళ్లు ఉండేవి, పెద్ద వానకు ఒక గోడ కూలింది కూడా. తేడా మరొక చోట ఉంది. పెంకుటిల్లు తన లోపాన్ని దాచుకోదు. పెంకు జరిగితే అదే రాత్రి అన్నం పళ్లెంలో చినుకు పడుతుంది. మన కొత్త ఇల్లు పైపులను గోడలో, తీగలను పైపుల్లో, చువ్వలను కాంక్రీటులో దాచుకుంది. వందేళ్లు చూసుకోనక్కర్లేదని ఎవరో చెబితే నమ్మి కట్టుకున్నాం. లోపం కంటికి ఆనేసరికి చాలాదూరం వచ్చేసి ఉంటుంది. కాబట్టి పాత ఇంటికి కళ్లు చాలేవి, కొత్త ఇంటికి కొంచెం విజ్ఞానం కావాలి. ఆ కొంచెం మన బడుల్లో ఎక్కడా చెప్పరు. పదో తరగతిలో ఓమ్ నియమం మీద లెక్కలు చేయిస్తారు. బడి గోడకున్న స్విచ్‌బోర్డు విప్పి ఎర్త్ తీగ ఏదో చూపించరు. ఎమ్మెస్సీ దాకా చదివినా నాకు ఎవరూ చూపించలేదు.

ఇంట్లో లోపాన్ని ముందు గమనించే మనిషి వేరు, మరమ్మతుకు డబ్బు తీసేవాళ్లు వేరు. మెషీన్ జివ్వుమంటోందని అమ్మ చెప్పింది. కుళాయి వాషర్ పోయిందనీ, వంటింటి గోడ చెమ్మగా ఉందనీ ఆమే చెబుతుంది. "చూద్దాంలే" అనేది నాన్నా, నేనూ. చాలా ఇళ్లలో రీడింగ్ తీసే మనిషి మాటకు విలువ లేకపోవడమే అసలు లోపమని నాకు ఇప్పుడనిపిస్తోంది.

దీనికి వచ్చే జవాబులు నాకు తెలుసు. చిన్న పనికి మేస్త్రీ రాడు. నిజమే, అరగంట పనికి వస్తే అతనికి పూట కూలి పోతుంది. నేను దీనికి కనిపెట్టిన ఉపాయం పనులన్నీ ఒక కాగితం మీద పోగేసి ఏడాదికి రెండుసార్లు రోజు కూలి మీద పిలవడం. ప్రాణాపాయం ఉన్నవి మాత్రం ఆ కాగితంలో ఆగకూడదు. రెండో జవాబు, అద్దె ఇల్లు కదా అని. ఇది కష్టమైన చిక్కే. బాధ పడేది అద్దెకున్నవాళ్లు, ఖర్చు పెట్టాల్సింది యజమాని. ఏడాది ఒప్పందంలో ఉన్నవాళ్లకు పదేళ్ల తుప్పు గురించి ఎందుకు పడుతుంది? అద్దె ఒప్పందాల్లో పెయింటుకు ఒక నెల అద్దె పట్టుకునే షరతు రాసుకుంటాం. ఎర్త్ ఉందో లేదో చూపించే షరతు రాసిన ఒప్పందం నేనింకా చూడలేదు. ఒక మీటరు, పది నిమిషాలు చాలు. దాన్ని రాయించుకోవడం మొదలుపెట్టాలి.

ఖమ్మం ఇంట్లో ఇప్పుడు 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ పెట్టించాం. వెళ్లే కరెంటుకూ తిరిగొచ్చే కరెంటుకూ తేడా అంతకు చేరితే రెప్పపాటులో లైను తెంచేస్తుంది. గొయ్యి ఒక్కటే ఉంటే సరిపోదు. గొయ్యి నిరోధం 5 ఓములుంటే పూర్తి లోపంలో కూడా 46 ఆంపియర్లే పోతాయి. అంతకు 32 ఆంపియర్ల ఎంసీబీ వెంటనే పడుతుందన్న నమ్మకం లేదు. ఆర్‌సీసీబీ మీద "టి" అని ఒక బొత్తాం ఉంటుంది. నెలకోసారి నొక్కితే లైను పోవాలి. పోకపోతే అది పనిచేయడం లేదన్నట్టు. ఆ బొత్తాం పరికరాన్నే పరీక్షిస్తుంది, ఎర్త్ తీగను కాదు. దానికి వేరే మీటరుతో ఎలక్ట్రీషియన్ చూడాలి.

మిగతా పనుల తేదీలకు అమ్మ తన లెక్కే వాడుతోంది. రోహిణి కార్తెలో నేల ఎండి గొయ్యి నిరోధం పెరుగుతుంది కాబట్టి రోజు విడిచి రోజు బిందెడు నీళ్లు పోస్తుంది. తాతయ్య కూడా పోసేవాడట, ఎందుకో ఎవరూ అడగలేదు. మృగశిర కార్తె రాకముందే మేడ మీది తూముల్లో ఆకులు తీయించి, సీలింగ్‌ను కర్రతో తట్టి చూస్తుంది. డొల్లగా మోగిన చోట సుద్దతో గుండ్రంగా గీసి నాకు ఫోటో పంపుతుంది. కిందటిసారి రెండు గుండ్రాలు వచ్చాయి. ఒకటి వంటింట్లో, ఒకటి వాడు పడుకునే మంచం పైన. మంచం పైనదానికి నేను ఈసారి "చూద్దాంలే" అనలేదు. ఆ వారమే మేస్త్రీని తీసుకెళ్లి వదులు కాంక్రీటు కొట్టించి, చువ్వ తళతళలాడేదాకా గీకించి పూత వేయించాను. 11 వేలయింది.

వంటింటిది ఇంకా మిగిలే ఉంది. మేస్త్రీ వచ్చే నెల వస్తానన్నాడు. నేను ఉంటున్న హైదరాబాద్ అద్దె ఇంట్లో కూడా పైఫ్లోర్ బాత్రూం కింద ఒక చెమ్మ మరక ఉంది. దాని అంచున పెన్సిల్‌తో గీత గీసి తేదీ వేశాను. ఆరు వారాల్లో నాలుగు సెంటీమీటర్లు జరిగింది. ఫోటోలు పంపితే వానలు తగ్గాక చూద్దామని యజమాని జవాబిచ్చారు. నిన్న మూడో గీత గీశాను.